పోతు కూత, పళ్ళ డాక్టరు కూత

వెస్ట్‌బీ, విస్కాన్సిన్
జనవరి

హాల్వర్ మామయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

నేను ఎల్క్ వేటకు, అదే మీ గుర్రమంత దుప్పుల వేటకు, వస్తున్నాను. మీ కొండలకే, వచ్చే అక్టోబరుకే. నవ్వుతున్నావని నాకు తెలుసు, నవ్వుకో. నాన్న పక్కన మంచె మీద కూర్చుని జింకను కొట్టిననాటికి నాకింకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. అయితే జింకలు చాలు నాకు. చిన్నప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ నీ దగ్గర్నుంచి ఉత్తరం రావడం, అమ్మ దాన్ని భోజనాల బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించడం మా ఇంట్లో ఆనవాయితీ. వాటిల్లో మిగతా సంగతులేవీ నా బుర్రలో లేవు గాని, ఎదకొచ్చిన ఎల్క్ పోతు తెల్లారగట్ల లోయలో కూసే కూత గురించి నువ్వు రాసినవన్నీ ఉన్నాయి. ఆ కూత ఒక్కసారి నా చెవులతో నేను వినాలి మామయ్యా. నడివయసు వచ్చేసింది, ఇంకెప్పుడు వింటాను?

మీ రాష్ట్రం వాళ్ళ వేట నిబంధనలు తెప్పించుకుని చదివాను. ముందు లాటరీలో పేరు రావాలి. వచ్చినా సరే, మీ రక్షిత అడవుల్లోకి బయటి రాష్ట్రం మనుషులు ఒంటరిగా వేటకు వెళ్ళకూడదట. డబ్బు పుచ్చుకుని దారి చూపించేవాడైనా ఉండాలి, లేదా అక్కడే కాపురముండే మనిషి ఎవరైనా అనుమతి తీసుకుని వెంట రావాలి. ఆ మనిషివి నువ్వే. నువ్వు సరేనంటేనే దరఖాస్తు పంపుతాను.

మా ఆయనకు చెప్పాను. "నువ్వు కొండలెక్కితే ఇన్ని ఆవుల పాలు ఎవరు పితుకుతారే?" అన్నాడు ఆర్నె. "నువ్వే" అన్నాను. ఆ రోజు నుంచి మూతి ముడుచుకునే ఉన్నాడు. కానీ నిన్న చూస్తే ఫ్రీజర్‌లో ఎల్క్ మాంసానికని సగం ఖాళీ చేసి పెట్టాడు.

మా మంచె మడిచి కారు మీద కట్టుకొస్తాను. అక్కడ మంచి చెట్టు చూసి ఉంచు.

నీ మేనకోడలు
సిగ్నె


డుబోయిస్, వయోమింగ్
ఫిబ్రవరి

సిగ్నీ,

కూర్చునే చదివాను. అయినా పడ్డాను, కుర్చీతో సహా.

మంచె తెస్తుందట, మంచె! ఇదేమన్నా మీ మొక్కజొన్న చేను గట్టనుకున్నావా? ఎల్క్ మీ జింకలాగా సాయంత్రమయ్యేసరికి మేతకొచ్చి నీ ముందు నిలబడదు. పొద్దున ఈ లోయలో మేస్తుంది, మధ్యాహ్నానికి రెండు గుట్టల అవతల పడుకుని నెమరేస్తుంది. నువ్వు మంచె మీద కూర్చుంటే నీ మీద మంచు పడుతుంది, అంతే. మంచె ఇంట్లో పెట్టి కాళ్ళు తెచ్చుకో. మీ ఊరి గుట్టల్ని మీరు కొండలంటారు గాని, ఇక్కడికొస్తే అవి మా ముంగిట్లో మెట్లు. ఇప్పటి నుంచే వీపున బరువేసుకుని ఎక్కి దిగు. బూట్లు ఇప్పుడే కొని తొడుగు. కొత్త బూట్లతో వచ్చావంటే నిన్ను కూడా కంచర గాడిద మీదే దింపాలి.

నా దగ్గర రెండున్నాయి. ఒకదాని పేరు డచెస్, మహా బుద్ధిమంతురాలు. రెండోది సెనేటర్. వేళకి తింటుంది, గట్టిగా అరుస్తుంది, పని అనేసరికి కూర్చుంటుంది.

అక్కడ గ్రిజ్లీ ఎలుగులున్నాయని మీ ఆయనకు చెప్పకు. తిండి మూట చెట్టుకు ఎత్తున కట్టి పడుకుంటే అవి మన జోలికి రావు. చాలా వరకు రావు.

దరఖాస్తు పంపు. పేరు వచ్చినప్పుడు చూద్దాం. మొదటిసారే ఎవరికీ రాదు.

మరో మాట. ఏదున్నా ఉత్తరం రాయి, ఫోన్ చెయ్యకు. ఆ ఫోను గొడవ నాకు పడదు. మీ నెల్డా అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

హాల్వర్


వెస్ట్‌బీ
మే

మామయ్యా!

వచ్చింది! వచ్చిందంటే వచ్చేసింది! పేరు మోసిన వేటగాళ్ళకు రాలేదు, పేడ చేతుల సిగ్నెకు వచ్చింది. తపాలా ఆయన ఎదురుగానే గెంతులేశాను, ఆయన బండి ఎక్కి తలుపేసుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఆవులు నాకే ఉప్పు దిమ్మలు సంచిలో వేసుకుని, వీపున కట్టుకుని చర్చి గుట్ట ఎక్కుతున్నాను. మొదటి వారం గుట్ట సగంలో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు పైదాకా వెళ్ళి ఏడుస్తున్నాను.

అసలు గొడవ వేరే. ఎల్క్‌లా కూసే కూత గొట్టం కొన్నాను, అంగిట్లో నాలుక మీద పెట్టుకునే పీక కూడా. పొద్దున పాలు పితికేటప్పుడు తప్ప నాకు తీరికేది? కొట్టంలోనే సాధన మొదలుపెట్టాను. మూడో రోజుకల్లా ఆవులు చేపడం మానేశాయి. కొట్టమంతా చెవులు నిక్కబొడుచుకుని నావైపే చూపులు! ఆర్నె బకెట్టు నేలకేసి కొట్టి, "పాలు కావాలో కూతే కావాలో తేల్చుకోవే" అన్నాడు. మర్నాడు రోడ్డు మీద పోతున్న పాస్టరుగారు కారు ఆపి లోపలికి పరుగెత్తుకొచ్చారు, ఎవరి చెయ్యో యంత్రంలో పడిందనుకుని. "ఇది ఎల్క్ పోతు ప్రేమ పిలుపండీ" అన్నాను. ఆయన చెమట తుడుచుకుని, "పాపం పోతు" అని వెళ్ళిపోయారు.

కాబట్టి నువ్వే చెప్పాలి. అసలు కూత ఎలా మొదలవుతుంది, ఎక్కడ తిరుగుతుంది, ఎలా ఆగుతుంది? కొట్లో అమ్మిన క్యాసెట్టు మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు నీ ఉత్తరాలు వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచేది. అన్నట్టు, పోయిన రెండు క్రిస్మస్ ఉత్తరాల్లో కూత ఊసే లేదేం? డచెస్ డెక్కల గురించి రెండు పేజీలు రాశావు.

అక్టోబరు ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాస్తున్నాయి.

సిగ్నె


డుబోయిస్
జూన్

సిగ్నె,

పేరు రావడం సంతోషం. నీ అదృష్టం మంచిది.

ఒక సంగతి రాయాలి. నా మోకాలు బాగాలేదు. కొండెక్కడం ఇక నా వల్ల కాదు. ఇక్కడ వేడ్ అని ఒకడున్నాడు, వేటకు మనుషుల్ని తీసుకెళ్ళడమే వాడి పని. బుద్ధిమంతుడు, గుర్రాలు మంచివి, చేతివంట కూడా పరవాలేదు. వాడితో మాట్లాడి పెట్టాను. నువ్వు వాడితో వెళ్ళు. దిగొచ్చేసరికి నేనూ మీ అత్తయ్యా కాఫీ కాచి సిద్ధంగా ఉంటాం.

వానలు బాగున్నాయి. గడ్డి ఏపుగా ఉంది.

హాల్వర్


వెస్ట్‌బీ
జులై

మామయ్యా,

నువ్వు వద్దన్నా ఫోన్ చేశాను. నీకు గుర్తుండే ఉంటుంది. మన సంభాషణ ఎలా సాగిందో నీకు తెలియదు గనక రాస్తున్నాను.

"మామయ్యా, మోకాలు ఎలా ఉంది?" అన్నాను.

"నిన్ననే కోయించాం" అన్నావు.

"అయ్యో! ఆసుపత్రిలో ఎన్నాళ్ళున్నావు?"

"ట్రాక్టరు పెట్టాంలే. పడమటి వైపు ఇంకా మిగిలింది. వాన వెలిస్తే అదీ కోసేస్తాం."

అంతలో అత్తయ్య నీ చేతిలోంచి ఫోను లాక్కుంది. "గడ్డి సంగతి చెప్తున్నాడే తల్లీ. ఈయనకు రెండేళ్ళ నుంచీ చెవులు పోయాయి. దగ్గరగా గట్టిగా అరిస్తే సరే గాని, సన్నటి గొంతు అసలు పడదు. పక్షి కూత కూడా పడదు. మిషను పెట్టించుకోమని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను. ఆ పోరు మాత్రం వినపడితేగా!" అంది. మరి మోకాలో అని అడిగాను. "మోకాలికేం రోగం? నిన్న కొట్టం కప్పెక్కి రేకులు బిగించాడు" అంది.

మామయ్యా, నాకు చాలా కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ కోపమొచ్చింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నాకు చెప్పకూడదా? మోకాలని చెప్పి నా చెవిలో పువ్వు పెడతావా?

నాకు వేడ్ వద్దు. బంగారం లాంటివాడే కావచ్చు, నాకొద్దు. నేను దరఖాస్తు పెట్టింది నీ కొండకు, నీతో వెళ్ళడానికి. కొండ నీకు తెలుసు, గాలి ఎటు తిరుగుతుందో నీకు తెలుసు, పోతు ఎక్కడ నీళ్ళు తాగుతుందో నీకు తెలుసు. వినడమొక్కటే కదా లోటు? దానికి నేనున్నాను. మా కొట్టంలో ఏ దూడ దగ్గిందో పడకలోంచే చెప్పగలను. నీ బుర్ర, నా చెవులు. నువ్వు రానంటే లాటరీలో వచ్చిన వేట చీటీ చించేస్తాను. చించుతానా లేదా అని పందెం కట్టకు, నేను మా అమ్మ కూతుర్ని.

సిగ్నె


డుబోయిస్
ఆగస్టు

సిగ్నీ,

మీ అత్తయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడకు హాయిగానే ఉన్నట్టుంది.

సరే, దాచి లాభం లేదు. పోయినేటి ముందటేడు మా పొరుగు క్లీటస్, నేను గట్టు మీద కూర్చున్నాం. తెల్లారుతోంది. వాడు ఉన్నట్టుండి నావైపు తిరిగి, ముఖమంతా నవ్వు చేసుకుని, "విన్నావా?" అన్నాడు. "ఏమిటి?" అన్నాను. నేను ఎగతాళి చేస్తున్నానని నవ్వాడు. మళ్ళీ వేలెత్తి, "అదుగో, ఇంకోటి!" అన్నాడు. నాకేమీ వినపడలేదు. "ఆఁ, విన్నాను" అన్నాను. మరుసటేడు ఒక్కణ్ణే వెళ్ళి పొద్దంతా అక్కడే కూర్చున్నాను. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుప్పచ్చగా పండి ఊగుతున్నాయి, వాటి చప్పుడు కూడా లేదు. కిందికొచ్చి కూత గొట్టం అటక మీద పడేశాను. ఆ సంగతి నేను క్రిస్మస్ ఉత్తరంలో ఏమని రాయను? అందుకే డెక్కల గురించి రాశాను.

ఎల్క్ వేటంటే చెవుల వేట. వినపడనివాడు ముందు నడిస్తే వెనకవాళ్ళు ఏ ఎలుగు ఒళ్ళోనో తేలతారు. నిన్నలా తీసుకెళ్ళడానికి నాకు భయమేసింది. మోకాలు అయితే ఎవరూ జాలిపడరు, అదీ సంగతి.

ఇక నువ్వు అడిగింది. మొదట లోపల్నుంచి వస్తుంది, బిగుసుకుపోయిన కొట్టం తలుపు తెరుస్తున్నట్టు బొంగురుగా. అక్కడ ఆగదు. ఎక్కుతుంది, ఎక్కుతుంది, నువ్వు ఇక చాలనుకున్నాక ఇంకా ఎక్కుతుంది. పైన సన్నటి ఈలగా మారి కాసేపు అలాగే నిలబడుతుంది. అప్పుడు నీ మెడ మీద వెంట్రుకలు లేస్తాయి. లేవలేదంటే అది పోతు కాదు. గొట్టాలు ఊదుకుంటూ తిరిగే మనుషులు బోలెడంతమంది ఉంటారు, జాగ్రత్త. మనిషి కూతలో ఎక్కడో ఒకచోట ఊపిరి చాలక గొంతు విరుగుతుంది.

వినపడితే నా భుజం మీద తట్టి అటు చెయ్యి చూపించు. కాదంటే తల అడ్డంగా ఊపు. మిగతాది నేను చూసుకుంటాను.

అటక మీంచి గొట్టం దించాను. సాలీళ్ళు కాపురం పెట్టాయి. వాటిని వెళ్ళగొట్టాను.

రా.

హాల్వర్


వెస్ట్‌బీ
సెప్టెంబరు

మామయ్యా,

"రా" అన్న మాట చదివి కొట్టంలోకి పరుగెత్తి ఆర్నెకు చూపించాను. "ఇంకేం, ఇక నా చావు" అన్నాడు గాని, రాత్రి నా తుపాకి తనే తుడిచి నూనె రాసి పెట్టాడు. దారిలో తినమని మా అత్తగారు లెఫ్సె రొట్టెలు చేసి ఇస్తున్నారు, అత్తయ్యకు కూడా ఒక కట్ట తెస్తున్నాను. గ్రిజ్లీల సంగతి ఆర్నెకు ఎవరో చెప్పేశారు. "చాలా వరకు రావు" అని నువ్వు రాసిన ముక్క చదివి వినిపించాను. అప్పటి నుంచి మరీ ఎక్కువ ప్రేమగా ఉన్నాడు.

సోమవారం బయలుదేరుతున్నాను. మంచె తేవడం లేదు.

సిగ్నె


వెస్ట్‌బీ
అక్టోబరు చివర

మామయ్యా,

క్షేమంగా చేరాను. ఆర్నె కారు వెనక తలుపు తీసి, లోపల వెతికి, ఖాళీ ఐసు పెట్టెకు మెల్లగా మూతపెట్టి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నీకు ఒక మాట చెప్పకుండా వచ్చేశాను. అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మీదైతే నీ ముఖం చూడక్కర్లేదు.

మొదటి రోజు సంగతి నీకు తెలుసు. కూత విన్నానని నీ భుజం తట్టాను. పడిపోయిన చెట్లు దాటుకుంటూ, పాకుతూ పొద్దంతా ఎక్కాం. నేను పెంటి ఎల్క్ గొంతుతో, అంటే ఆడదానిలా, పిలిస్తే అది జవాబిచ్చింది, దగ్గరికొచ్చింది. తీరా పొదల్లోంచి బయటికొచ్చింది నారింజ చొక్కా వేసుకున్న లావుపాటి మనిషి, మోకాళ్ళ మీద, నోట్లో గొట్టంతో! ఆయన మనల్ని వేటాడుతూ వచ్చాడు. వెనక ఆయనకు దారి చూపేవాడు చెట్టు పట్టుకుని నవ్వుతున్నాడు. నువ్వు కూడా నవ్వావు. ఆ తర్వాత ఆయనా నేనూ మాట్లాడుకున్నది నీకు వినపడి ఉండదు. పిట్స్‌బర్గ్‌లో పళ్ళ డాక్టరట. "మీరే ఆ పెంటి అన్నమాట! నా జన్మలో ఇంత అందమైన గొంతు వినలేదండీ" అన్నాడు, దాదాపు ఏడుస్తూ. వెళ్ళేటప్పుడు, "చివరి రోజున మేం ఆ ఎదుటి గుట్ట మీదుంటాం" అన్నాడు.

చివరి రోజు తెల్లారగానే ఆ గుట్ట మీంచే కూత వచ్చింది. మధ్యలో గొంతు విరిగింది. నువ్వు రాసిన మాటే గుర్తొచ్చింది, పాపం డాక్టరే అనుకున్నాను. నీవైపు తిరిగి తల అడ్డంగా ఊపాను. తుపాకి చెట్టుకు ఆనించి లెఫ్సె రొట్టె తీశాను. కూత ఇంకా దగ్గరికి వచ్చింది. మళ్ళీ మనల్ని ఎల్క్ అనుకుని కాల్చేస్తాడేమోనని హడలిపోయాను. లేచి, టోపీ తీసి ఊపుతూ, గొంతు చించుకుని అరిచాను: "డాక్టరుగారూ! మేమేనండీ! కాల్చకండి!"

పొదలు చీల్చుకుని పోతు బయటికొచ్చింది.

మామయ్యా, అంత జంతువును నేనెప్పుడూ చూడలేదు. ముక్కుల్లోంచి పొగలు, కొమ్ములకు చిక్కుకున్న గడ్డి. నా ఒక చేతిలో టోపీ, ఒక చేతిలో రొట్టె. అది నన్ను పైనుంచి కిందికి చూసి, అసహ్యించుకున్నట్టు తల తిప్పుకుని వెళ్ళిపోయింది. నువ్వు లేచి వచ్చి "ఏమైంది?" అన్నావు. "గాలి తిరిగింది మామయ్యా" అన్నాను. నువ్వు తల ఊపావు. దిగేటప్పుడు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

గాలి తిరగలేదు. నీ చెవులు నాకు అప్పగించావు, నేను వాటితో పోతును పళ్ళ డాక్టర్ని చేశాను. నీకు అదే ఆఖరి వేట అవుతుందేమోనని దారంతా ఏడుస్తూనే వచ్చాను. నీ కోపం ఎంతుంటే అంతా రాయి, పడతాను.

సిగ్నె


డుబోయిస్
నవంబరు

పిచ్చి మొహమా,

గాలి తిరిగిందట, గాలి! ఆ పొద్దున ఆకు కూడా కదల్లేదు. ఏదో దాస్తున్నావని తెలుసు గాని, ఇంత బంగారం లాంటి సంగతి దాస్తున్నావని నేనేమన్నా కలగన్నానా? "డాక్టరుగారూ" దగ్గరికొచ్చేసరికి నేను నవ్విన నవ్వుకి మీ అత్తయ్య పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు చదివి వినిపించాను. కూర మాడిపోయింది. మాడిన కూరే తిన్నాం, తింటూ కూడా నవ్వాం.

ఇక నా వంతు. నేనూ ఒకటి దాచాను.

కూతలో ఆ సన్నటి ఈల నాకు పోయింది, అది ఇక రాదు. కానీ ఈల అయిపోయాక పోతు కడుపులోంచి మూలుగుతుంది, ఉఁహుఁ, ఉఁహుఁ, ఉఁహుఁ అని. దగ్గరుంటేనే వినపడుతుంది. ఏ గొట్టమూ దాన్ని సరిగ్గా పలికించలేదు. క్లీటస్‌తో ఉన్న రోజున పోతులు దూరాన ఉన్నాయి, మరుసటేడు దగ్గరికి ఒక్కటీ రాలేదు. అందుకని అదీ పోయిందనుకున్నాను.

పోలేదే. నువ్వు తల అడ్డంగా ఊపి రొట్టె తీస్తున్నావు చూడు, అప్పుడు వినపడింది నాకు. మొదట నా కడుపే అనుకున్నాను. రెండోసారి ఇంకా దగ్గరగా వచ్చింది, కాళ్ళ కింద నేలలోంచి వచ్చినట్టు. నిజమైన పోతని నువ్వు లేవకముందే నాకు తెలుసు. నీ చొక్కా పట్టుకుని లాగాల్సింది. తుపాకి తీయమని సైగ చెయ్యాల్సింది. చెయ్యలేదు. నీ దగ్గర తుపాకి ఉందని, నువ్వంత దూరం నుంచి దానికోసమే వచ్చావని, అసలు నువ్వున్నావనే మర్చిపోయాను సిగ్నీ. ఊపిరి తీస్తే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుండిపోయాను, నీ సన్నటి అరుపు కూడా చెవిన పడలేదు. నీ పోతును పోగొట్టింది నువ్వు కాదు, నేను. రోజుల తరబడి కూసి కూసి నిజం పోతుకు కూడా గొంతు విరుగుతుంది, ఆ ముక్క నీకు రాయడం మరిచాను. దిగేటప్పుడు మాట్లాడకపోవడం కోపం కాదు. నోరు తెరిస్తే ఏడ్చేవాణ్ణి, సెనేటర్ ఎదుట ఏడవడం నాకిష్టం లేదు.

పోయిన వారం పట్నం వెళ్ళి చెవి మిషను పెట్టించుకున్నాను. మొదట వినపడింది మీ అత్తయ్య గొంతు. తీసేశాను. మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను. ఆవిడ పాటలు పాడుకుంటూ గిన్నెలు తోముతుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఆర్నెకు చెప్పు, ఫ్రీజర్ ఖాళీగానే ఉంచమని. మళ్ళీ దరఖాస్తు పంపు. పేరు వచ్చేదాకా పంపుతూనే ఉండు, వచ్చిన ఏడు రా. ఈసారి పోతు మూలగ్గానే నీ చొక్కా పట్టుకుని లాగుతాను. లాగలేదనుకో, కాస్త ఓపిక పట్టు. ఇంకా వింటున్నానన్నమాట.

మీ మామయ్య
హాల్వర్